రైతు పేరిట వచ్చే సొమ్ము – అసలు ఎవరి ఖాతాకి?

రైతు సాయం, సబ్సిడీల జాబితాల గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. చాలా ఏళ్ళు ప్రభుత్వ లెక్కల తనిఖీలో పని చేసిన మనిషిని కాబట్టి ఈ విషయం నాకు ఇష్టమైనదే. ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు. అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో మా ఊరు ఎంచుకుంటే నా పేరుతో సహా అందరి పేర్లూ వస్తున్నాయి. మా బావమరిది అది చూసి "నీకూ వస్తోందా బావా" అని అడిగాడు. ఏడాదికి ఆరు వేలు తీసుకోవడం తప్పేమీ కాదు గానీ, నా డబ్బు సంగతి ఊరందరికీ ఎందుకు? వేరే దేశాల్లో కూడా ఇలాగే పెడతారా?

జవాబు: మీ ప్రశ్నే జర్మనీలో కోర్టుకెక్కింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కలిసి నడిపే ఉమ్మడి వ్యవసాయ విధానం కింద రైతులకు వెళ్ళే డబ్బు చిన్నది కాదు. 2021 నుంచి 2027 వరకు ఏడేళ్ళకి దాదాపు 387 బిలియన్ యూరోలు. యూరోపియన్ యూనియన్ మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దీనికే పోతుంది. ఇంత డబ్బు ఎవరికి వెళ్తోందో చెప్పమంటే మొదట్లో చాలా ప్రభుత్వాలు నోరు విప్పలేదు. కొందరు జర్నలిస్టులు సమాచార హక్కు చట్టాలు పట్టుకుని ఒక్కో దేశాన్నీ వరసగా అడుగుతూ పోయారు. 2005లో బ్రిటన్ జాబితా బయటపెడితే అందులో రాణి ఎలిజబెత్ ఎస్టేట్ ఉంది, యువరాజు చార్లెస్ ఉన్నాడు, దేశంలోకెల్లా పెద్ద భూస్వాముల్లో ఒకడైన డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మిన్‌స్టర్ ఉన్నాడు, పంచదార కంపెనీ టేట్ అండ్ లైల్ ఉంది. రైతు సబ్సిడీ అంటే నాలుగు ఆవులు మేపుకునేవాడి బతుకుతెరువు అనుకున్న జనం అవాక్కయ్యారు. ఆ తర్వాత యూనియన్ చట్టం మార్చి, 2009 నుంచి అన్ని దేశాలూ జాబితా పెట్టి తీరాలంది. పేరు, ఊరు, పిన్‌కోడ్, ఏడాదికి ఎంత ముట్టింది, అన్నీ పెట్టారు.

అప్పుడు జర్మనీలోని హెస్సే రాష్ట్రం నుంచి ఒక వ్యవసాయ సంస్థ, ఒక రైతు కోర్టుకి వెళ్ళారు. మా ఆదాయం సంగతి ప్రపంచమంతా చూడాలా అన్నదే వాళ్ళ మాట. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 2010 నవంబర్ 9న తీర్పిచ్చింది. ప్రజాధనం ఎటు పోతోందో తెలుసుకునే హక్కు ప్రజలకి ఉందని ఒప్పుకుంది. కానీ ఎంత తీసుకున్నారు, ఎన్నాళ్ళు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్న తేడా ఏమీ చూడకుండా మామూలు మనుషులందరి పేర్లూ ఒకే గాటన కట్టి పెట్టడం మితిమీరడమేనంది. కంపెనీల పేర్లు పెట్టడంలో తప్పు లేదంది. దాంతో చాలా దేశాలు వ్యక్తుల పేర్లు తీసేశాయి. సగం జాబితా రాత్రికి రాత్రి చీకట్లోకి పోయింది.

2013లో మళ్ళీ చట్టం రాశారు. ఈసారి ఒక గీత గీశారు. ఏడాదికి గరిష్ఠంగా 1,250 యూరోల దాకా ఇచ్చే చిన్న రైతుల పథకం ఒకటి అప్పట్లో ఉండేది. ఆ మొత్తానికి లోపు తీసుకున్నవాళ్ళ పేరు వేయరు, దాని బదులు ఒక కోడ్ వేస్తారు. అంతకు మించి తీసుకుంటే పేరు, ఊరు, మొత్తం, అన్నీ కనిపిస్తాయి. రెండేళ్ళ తర్వాత ఆ వివరాలు తీసేస్తారు. 1,250 యూరోలంటే ఇప్పటి మన లెక్కలో లక్ష రూపాయలు పైమాటే.

ఇప్పుడు మీ ఆరు వేలు దాని పక్కన పెట్టి చూడండి. ఆ కొలత ప్రకారం మీ పేరు ఎక్కడా కనపడకూడదు. మీ బాధలో న్యాయం ఉంది. కానీ మన దగ్గర ఊరి జాబితా బయటపెట్టడానికి ఇంకో కారణం ఉందండీ. అది ఆఫీసుల్లో పుట్టింది కాదు. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు కరువు పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తెచ్చి ఊరి జనం ముందు పైకి చదివారు. పనికి రానివాళ్ళ పేర్లు, చచ్చిపోయినవాళ్ళ పేర్లు, ఎప్పుడో ఊరొదిలి పోయినవాళ్ళ పేర్లు బయటపడ్డాయి. వాటిని పట్టుకోవడం ఊరివాళ్ళకే చేతనైంది, ఎందుకంటే ఎవరు బతికున్నారో, ఎవరు పని చేశారో వాళ్ళకే తెలుసు. ఆ సంప్రదాయమే సమాచార హక్కు చట్టానికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీకి దారి వేసింది. నేను తనిఖీలో ఉన్న రోజుల్లో ఒక విత్తన సబ్సిడీ అక్విటెన్స్ (సొమ్ము ముట్టినట్టు వేలిముద్రలు, సంతకాలు తీసుకునే పట్టీ) చూశాను. రెండు పేజీల నిండా వేలిముద్రలు. అన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి, అన్నిటి అంచునా ఒకే చోట సిరా మరక. పట్టణంలో కూర్చున్న నాకు అది అనుమానం మాత్రమే. ఆ ఊరి మనిషికి ఆ కాగితం చూపిస్తే ఒక్క చూపులో చెప్పేస్తాడు, ఇందులో సగం మంది ఇక్కడ లేరని.

అందుకే నా మాట ఇది: ఊరి జాబితా ఊరివాళ్ళకి కనపడాలి. అయితే తీసుకునే మొత్తం పెరిగేకొద్దీ బయటపెట్టే వివరమూ పెరగాలి. మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. కింది ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: ఆరు వేలు తీసుకునేవాడి పేరు కనపడుతుంది సరే. లక్షలు, కోట్లు తీసుకునే పెద్దవాళ్ళ పేర్లు ఎందుకు కనపడవు? అమెరికాలో అన్నీ వెబ్‌సైట్లో ఉంటాయంటారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ, వ్యవసాయ శాఖ 1995 నుంచి ఇచ్చిన చెల్లింపులన్నీ పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టింది. 1996లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కోర్టుకి వెళ్ళి పత్తి పథకం లబ్ధిదారుల పేర్లు ఇప్పించుకోవడంతో దారి తెరుచుకుంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు స్కాటీ పిప్పెన్, టీవీ ఛానళ్ళ అధిపతి టెడ్ టర్నర్, రాక్‌ఫెల్లర్ వంశంలోని డేవిడ్ రాక్‌ఫెల్లర్ కూడా ఆ జాబితాల్లో తేలారు. వాళ్ళెవరూ దొంగతనం చేయలేదు. భూమి ఉంది, నిబంధన ప్రకారం డబ్బు వచ్చింది. నిబంధనే అలా ఉందని జనానికి తెలిసింది జాబితా వల్లే.

కానీ అక్కడ కూడా రెండు చోట్ల తెర దిగుతుంది. మొదటిది పంటల బీమా. రైతు కట్టాల్సిన ప్రీమియంలో సగటున 60 శాతం పైనే ప్రభుత్వం భరిస్తుంది. ఇప్పుడు అమెరికాలో వ్యవసాయానికి ఇచ్చే సాయంలో అతి పెద్ద భాగాల్లో అదొకటి. అయినా ఆ సాయం ఏ రైతుకి ఎంత వెళ్ళిందో చెప్పకూడదని చట్టంలోనే రాసుకున్నారు. పేర్లు బయటపడే పథకాల నుంచి పేర్లు బయటపడని పథకానికి డబ్బు మళ్ళితే, వెబ్‌సైట్ అలాగే ఉంటుంది, అందులో కనపడే వాటా మాత్రం తగ్గుతుంది.

రెండోది భాగస్వామ్య సంస్థలు. ఒక మనిషికి ఏడాదికి ఇంతే అని పరిమితి ఉంది. 2018 చట్టంలో అది 1,25,000 డాలర్లు, 2025లో 1,55,000కి పెంచారు. అయితే పొలాన్ని భాగస్వామ్య సంస్థగా పెడితే ఒక్కో భాగస్వామికి ఒక్కో పరిమితి. 2018 చట్టం అన్నదమ్ముల పిల్లల్ని, మేనల్లుళ్ళని, మేనకోడళ్ళని కూడా కుటుంబం లెక్కలో చేర్చింది. ట్రాక్టర్ ఎక్కకపోయినా పొలం నిర్వహణలో పాలుపంచుకుంటున్నానంటే చాలు. కుటుంబం ఎంత పెద్దదైతే చెక్కు అంత పెద్దది.

యూరప్‌లో ఈ చాటు ఇంకా పెద్దది. చెల్లింపుల్లో దాదాపు 80 శాతం 20 శాతం మందికే పోతుందని చాలా ఏళ్ళుగా అందరూ ఒప్పుకున్న లెక్క. సాయం భూమి విస్తీర్ణాన్ని బట్టి ఇస్తారు కాబట్టి ఎక్కువ భూమి ఉన్నవాడికే ఎక్కువ సాయం. చెక్ దేశ ప్రధాని ఆంద్రేయ్ బాబిష్ స్థాపించిన ఆగ్రోఫెర్ట్ గ్రూపు సంగతి చూడండి. ఒక్క 2018లోనే ఆ కంపెనీలకు కనీసం 42 మిలియన్ డాలర్ల వ్యవసాయ సబ్సిడీ వెళ్ళిందని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పుడు కూడా ఆయనే ప్రధాని. జాబితాలో మాత్రం రకరకాల కంపెనీల పేర్లుంటాయి, వాటి వెనక ఎవరున్నారో వేరే చోట వెతుక్కుని కలుపుకోవాలి. ఆ కలపడం జర్నలిస్టులు చేశారు. ఆ తర్వాతే, ఏ గ్రూపుకి చెందిన కంపెనీయో కూడా చెప్పాలని యూనియన్ కొత్త నిబంధన తెచ్చింది.

ఇంత శ్రమ ఎందుకు అనుకోవద్దు. స్లొవేకియాలో యాన్ కుసియాక్ అనే యువ జర్నలిస్టుని, అతను పెళ్ళాడబోయే అమ్మాయి మార్టినా కుష్నీరొవాని 2018 ఫిబ్రవరిలో ఇంట్లోనే కాల్చి చంపారు. అతను పూర్తి చేయకుండా మిగిల్చిన చివరి కథనం, ఆ దేశపు తూర్పు ప్రాంతంలో యూరప్ వ్యవసాయ సబ్సిడీలు తీసుకుంటున్న ఇటలీ మాఫియా మనుషుల గురించి. హత్య కేసు విచారణ అతను రాసిన వేరే వార్తల వైపు తిరిగింది గానీ, ఆ అసంపూర్ణ కథనాన్ని అతని సహచరులు ప్రచురించారు. జనం వీధుల్లోకి వచ్చారు, మార్చిలో ప్రధాని రాబర్ట్ ఫిట్సో దిగిపోయాడు. సబ్సిడీ లెక్కలు చదివేవాళ్ళని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేను.

ఇక మన దగ్గర. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000, తర్వాత 5,000 ఇచ్చారు. ఎన్ని ఎకరాలకైనా ఇచ్చారు, పైన పరిమితి లేదు. మొదటి సీజన్‌లో చెక్కులు ఊళ్ళో అందరి ముందూ పంచారు. ఎవరి చేతికి ఎంత చెక్కు వెళ్ళిందో పక్కనున్నవాళ్ళు చూశారు. తర్వాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకి పోయింది. మధ్యలో చేయి తడపాల్సిన పని తప్పింది, అది మంచిదే. కానీ ఊరి కళ్ళూ దాంతోపాటే పోయాయి. ఇప్పుడు ఎవరికి ఎంత వచ్చిందో వాళ్ళ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌కే తెలుసు. యాభై ఎకరాల ఆసామికి వెళ్ళిన మొత్తం, ఎకరంన్నర ఉన్న రైతుకి వెళ్ళిన మొత్తం పక్కపక్కన కనపడే జాబితా ఉండుంటే, పరిమితి పెట్టాలా వద్దా అన్న చర్చ మొదటి ఏడాదే తేలిపోయేది.

ఎరువుల సంగతి కూడా చెప్పాలి. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి రెండున్నర లక్షల కోట్లు ఖర్చు పెట్టింది. పీఎం కిసాన్‌కి ఏటా అయ్యేది సుమారు 60,000 కోట్లు. అంటే నాలుగు రెట్లు. ఆ డబ్బు వెళ్ళేది ఎరువుల కంపెనీలకి. దుకాణంలో మిషన్ మీద మీరు వేలు పెట్టాకే కంపెనీకి సబ్సిడీ విడుదలవుతుంది. బస్తా తక్కువ ధరకి దొరుకుతోంది కాబట్టి లాభం రైతుదే అంటారు, అది కాదనను. కానీ చిన్న మొత్తానికి మనిషి పేరు ఊరి జాబితాలో ఉంటే, పెద్ద మొత్తం లెక్క కూడా కంపెనీల వారీగా, అంతే తేలిగ్గా, మామూలు రైతుకి అర్థమయ్యేలా దొరకాలి కదా.

ప్రశ్న: మా ఊళ్ళో చనిపోయినవాళ్ళ ఖాతాల్లో కూడా డబ్బు పడుతోందంటున్నారు. ఆధార్ ఉన్నా ఇదెలా సాధ్యం?

జవాబు: మనిషి పోయిన సంగతి ఒక ఆఫీసుకి తెలుస్తుంది, డబ్బు ఇంకో ఆఫీసు పంపుతుంది. ఆ రెండూ మాట్లాడుకోకపోతే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. అమెరికాలో 1999 నుంచి 2005 వరకు 1,72,801 మంది చనిపోయిన వ్యక్తుల పేరిట 110 కోట్ల డాలర్ల వ్యవసాయ చెల్లింపులు వెళ్ళాయని అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థే 2007లో తేల్చింది.

మన పీఎం కిసాన్‌లో ఇంతకన్నా పెద్ద బెడద బతికున్న అనర్హులది. 2020లో తమిళనాడులో అధికారుల లాగిన్‌లు, పాస్‌వర్డ్‌లు బయటివాళ్ళ చేతికి పోయి లక్షల మంది అనర్హులు చేరారు. సుమారు 110 కోట్లు పోయాయని లెక్క తేలింది. 2021 మొదట్లో సమాచార హక్కు కింద అడిగితే కేంద్రమే ఇచ్చిన జవాబు ప్రకారం దేశం మొత్తం మీద 20.48 లక్షల అనర్హులకి 1,364 కోట్లు వెళ్ళాయి. అందులో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు. ఇ-కేవైసీ వచ్చాక వేరేవాళ్ళ పేరు వాడుకోవడం కష్టమైంది. కానీ మనిషి అసలువాడేనా అన్నది ఆధార్ చెబుతుంది గానీ, అర్హుడేనా అన్నది చెప్పదు.

ప్రశ్న: నేను నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాను. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. రైతు సాయం ఆయన ఖాతాలోనే పడుతుంది. పంట పోతే నష్టం నాది. జాబితాలో రైతు అని ఆయన పేరే ఉంది. నేను ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టాలనిపించింది. పారదర్శకత అంటే జాబితా బయటపెట్టడమే అనుకుంటే, మీ ఊరి జాబితా అచ్చంగా నిబంధనల ప్రకారమే ఉంది. అందులో ఒక్క తప్పు కూడా దొరకదు. సేద్యం చేసే మనిషి మాత్రం అందులో లేడు.

పీఎం కిసాన్ మొదటి నుంచీ భూమి రికార్డుల్లో పేరున్న కుటుంబాలకే. 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరు మీద భూమి ఉందన్నదే లెక్క. మొదట రెండు హెక్టార్ల పరిమితి ఉండేది, ఆ ఏడాది జూన్ నుంచి అదీ తీసేశారు. రైతుబంధు కూడా పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకి ఇవ్వలేదు. దాని స్థానంలో 2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో ఎకరానికి ఏడాదికి 12,000 ఇస్తున్నారు. రాళ్ళూ రప్పలూ, ప్లాట్లుగా మారిన భూములూ తీసేసి సాగుకి పనికొచ్చే భూమికే పరిమితం చేశారు. అది మెరుగే. భూమి లేని కూలీ కుటుంబాలకి వేరే పథకమూ పెట్టారు. మీరు ఈ రెండింటి మధ్యా పడిపోయారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకి కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు, యజమాని హక్కుకి ఏ ఢోకా లేదు. మరి ఎందుకు అందరికీ రాలేదంటే, యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం ఆయనది. అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇంకొకరికి ఇస్తాడేమోనన్న భయం మీది. 2011 నాటి పాత చట్టంలో యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు ఇచ్చే ఏర్పాటు ఉండేది. అది సరైన దారి అని నా గట్టి నమ్మకం. ఊళ్ళో ఏ చెలకలో ఎవరు దున్నుతున్నారో తెలుసుకోవడానికి సంతకం అక్కర్లేదు, ఈ-క్రాప్ నమోదుకి (ఏ పొలంలో ఏ పంటో రాసుకోవడానికి) వచ్చే ఉద్యోగి పొలం గట్టు మీద నిలబడి చూస్తే చాలు.

మీరు ప్రస్తుతానికి చేయగలిగింది చెప్తాను. పంట నమోదు జరిగేటప్పుడు దగ్గరుండి సాగుదారుగా మీ పేరు రాయించండి. డబ్బు రాకపోయినా ఆ నమోదు మీకు ఆధారం. రేపు ధాన్యం అమ్మేటప్పుడు, పంట నష్టం రాసేటప్పుడు అదే అక్కరకొస్తుంది. యజమానితో మాట్లాడేటప్పుడు సాయం డబ్బు ఇమ్మని కాకుండా, ఆ మేరకి కౌలు తగ్గించమని అడగండి. కొన్ని చోట్ల యజమానులు దానికి ఒప్పుకున్నారు.

ప్రశ్న: సమాచార హక్కు కింద మా మండలంలో లబ్ధిదారుల వివరాలు అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపారు. ఎలా అడగాలి?

జవాబు: ముందు సెక్షన్ 4(1)(బి)లోని పన్నెండో అంశం చూపించండి. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అందులో ఉంది. వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించేది సెక్షన్ 8(1)(జె) కింద. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దాన్ని బాగా కుదించి, వ్యక్తిగతం అంటే చాలు ఇవ్వక్కర్లేదు అనేలా చేసింది. ఆ సవరణ నాకు చాలా ఆందోళన కలిగిస్తోంది. అయినా సెక్షన్ 8(2) మిగిలే ఉంది. కలిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతుంది. దరఖాస్తులోనే దాన్ని ప్రస్తావించండి.

అడిగే తీరు కూడా మార్చండి. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు వద్దని మీరే రాయండి. పేరు, గ్రామం, విస్తీర్ణం, ఏ సీజన్‌లో ఎంత జమైంది అన్నవి మాత్రమే అడగండి. ఒకే పేరుతో గాని, ఒకే సంస్థ పేరుతో గాని పదెకరాలకి మించి సాయం వెళ్ళిన ఖాతాలు ఎన్ని, మొత్తం ఎంత అని వేరే ప్రశ్నగా పెట్టండి. దానికి పేర్లు అక్కర్లేదు కాబట్టి నిరాకరించడానికి కారణం దొరకదు. పీఎం కిసాన్ నిబంధనల్లో ఏటా 5 శాతం లబ్ధిదారులని ఊళ్ళకి వెళ్ళి తనిఖీ చేయాలని ఉంది. మీ మండలంలో కిందటేడు ఎవరు, ఏ తేదీల్లో, ఎన్ని గ్రామాల్లో తనిఖీ చేశారు, ఎంతమంది అనర్హులు తేలారు, ఎంత వెనక్కి వచ్చింది, ఆ నివేదిక నకలు ఇమ్మనండి. నా అనుభవంలో ఆఫీసుని కదిలించేది ఈ ప్రశ్నే.

గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు గడువు. రాకపోయినా, తిరస్కరించినా అక్కడి నుంచి 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. రసీదు, తిరస్కరణ కాగితం రెండూ దాచుకోండి. ఈసారి వచ్చిన జవాబు నకలు ఒకటి నాకు పంపితే, అప్పీలు ఎలా రాయాలో వచ్చే సంచికలో చెప్తాను.